ఒంటరిగా ఉత్తర స్కాండినేవియా చలికాలంలోకి: అబిస్కో, నార్విక్, ట్రోమ్సో ప్రయాణం ఎలా చేయాలి?

"అరోరా చూడాలని ఉంది, తోడు ఎవరూ రావడం లేదు. ఒక్కణ్ణే వెళ్లొచ్చా?" "అమ్మాయిని ఒంటరిగా పంపొచ్చా?" "మైనస్ ముప్పైలో తట్టుకోగలమా?" చలికాలం దగ్గరపడుతోందంటే చాలు, జర్మనీలో చదువుకుంటున్న పిల్లల దగ్గర్నుంచి హైదరాబాద్‌లో పది రోజుల సెలవు దొరికిన ఉద్యోగుల దాకా ఇవే అడుగుతారు. అరోరా అంటే ఆ ఉత్తరాది రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు. మూడింటికీ జవాబు ఒకటే: వెళ్లొచ్చు, ముందే సిద్ధపడితే హాయిగా వెళ్లి రావచ్చు.

అక్కడ మనుషుల వల్ల భయం చాలా తక్కువ. జాగ్రత్త పడాల్సింది చలితో, చీకటితో, దూరాలతో. పక్కన ఎవరైనా ఉంటే "నీ ముక్కు తెల్లబడుతోంది, లోపలికి పద" అంటారు. ఒంటరిగా వెళ్తే ఆ మాట అనేవాళ్లు ఉండరు. అందుకే కింద ముఖ్యమైన దశల్లో మీకు మీరే చేసుకోవాల్సిన పరీక్ష ఒకటి పెట్టాను. మిగతాది మీ ఇష్టానికి మార్చుకోండి గానీ, ఆ పరీక్షలు వదిలేయకండి.

నేను చెప్పబోయే దారి ఇది: స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలులో స్వీడన్ ఉత్తర కొసన ఉన్న అబిస్కో, అక్కడి నుంచి అదే రైలు మార్గంలో నార్వేలోని నార్విక్, ఆ తర్వాత బస్సులో ట్రోమ్సో. కారు అక్కర్లేదు. ఆర్కిటిక్ వృత్తం దాటి చాలా పైకి వెళ్తారు: అబిస్కో 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైన, ట్రోమ్సో దాదాపు 70 దగ్గర. ఒంటరిగా వెళ్లేవాళ్లకు మొదటి ప్రయాణానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనిపించలేదు.

కావలసినవి

- షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా), కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్
- వీసా లేదా మాస్టర్ నెట్‌వర్క్ కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి
- మెరీనో ఉన్ని లోదుస్తులు రెండు జతలు, ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, గాలి చొరబడని జాకెట్, ప్యాంటు
- ఒక సైజు పెద్ద వింటర్ బూట్లు, ఉన్ని సాక్సులు
- పల్చటి చేతి తొడుగులు, వాటిపైన వేసుకునే మందపాటి మిటెన్లు (నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే తొడుగులు)
- చెవులు పూర్తిగా కప్పే టోపీ, మెడకు బఫ్ (గొట్టంలా ఉండే మెడ పట్టీ)
- బూట్ల కింద తగిలించే ముళ్ల పట్టీలు (స్వీడన్‌లో బ్రోడార్ అని అడగండి, చాలా సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి)
- ఎర్ర లైటు కూడా ఉన్న హెడ్‌ల్యాంప్, మెరిసే రిఫ్లెక్టర్ పట్టీ
- పవర్ బ్యాంక్, ఫ్లాస్కు, చిన్న ట్రైపాడ్, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు
- మీ మందులు, వాటి ప్రిస్క్రిప్షన్

మన రెండు పిన్నుల చార్జర్లు అక్కడి సాకెట్లలో పడతాయి. మూడు పిన్నులవైతే అడాప్టర్ కావాలి.

1. ముందు నెల తేల్చుకోండి

అరోరా కనిపించే కాలం ఆగస్టు చివర నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. దాంతో చాలామంది "చీకటి ఎక్కువ కాబట్టి డిసెంబరే మంచిది" అనుకుని క్రిస్మస్ సెలవుల్లో టికెట్లు కొనేస్తారు. అప్పుడు ట్రోమ్సోలో నవంబర్ చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు కొండ పైకే రాడు. మధ్యాహ్నం కాసేపు నీలిరంగు వెలుగు ఉంటుంది, అంతే. అది కూడా చూడదగ్గదే. కానీ ఒంటరిగా ఉన్నవాళ్లకు నాలుగో రోజుకే మనసు బరువెక్కుతుంది, నిద్ర తప్పుతుంది. ధరలు కూడా అప్పుడే ఎక్కువ.

నా ఓటు ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి చివరి వరకు. ఫిబ్రవరి చివరికే అబిస్కోలో తొమ్మిది గంటలకు పైగా పగలు ఉంటుంది, మంచు నిండుగా ఉంటుంది, రాత్రి చీకటికీ లోటు లేదు. విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దగ్గరపడే మార్చిలో అరోరా చురుకుదనం కాస్త పెరగడం కూడా కలిసొస్తుంది.

పున్నమి ఉంటే అరోరా కనిపించదనే భయం వద్దు. సన్నటి అరోరా వెలవెలబోతుంది గానీ, బలమైనది బాగానే కనిపిస్తుంది. పైగా వెన్నెల మంచు మీద పడి దారి తెలుస్తుంది, ఒంటరి మనిషికి అది మేలే.

2. ఊళ్లు తగ్గించండి, రాత్రులు పెంచండి

అందరూ చేసే పెద్ద తప్పు ఇక్కడే. వారం రోజుల్లో రోవానియెమి, కిరునా, అబిస్కో, ట్రోమ్సో, లోఫోటెన్ అన్నీ చుట్టేద్దామని పట్టిక రాసుకుంటారు. ప్రతి రాత్రీ ప్రయాణంలోనే గడుస్తుంది. మబ్బు లేని ఒక్క రాత్రి దొరికినప్పుడు మీరు బస్సులో నిద్రపోతూ ఉంటారు.

అబిస్కోలో కనీసం నాలుగు రాత్రులు ఉండండి. పడమటి నుంచి వచ్చే మేఘాల తేమను నార్వే సరిహద్దు కొండలు ముందే దింపేసుకుంటాయి. అందుకని అబిస్కోలో, తోర్నెత్రాస్క్ సరస్సు మీద, చుట్టుపక్కల మబ్బు పట్టినా ఆకాశం తెరిపిచ్చే అవకాశం ఎక్కువ. ట్రోమ్సో సముద్రపు ఒడ్డు ఊరు. వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల అక్కడ చలి తక్కువ, జనవరిలో కూడా చాలా రోజులు సున్నాకు నాలుగైదు డిగ్రీల కిందే ఉంటుంది. కానీ మబ్బు ఎక్కువ. అందుకే అరోరాకు అబిస్కో, ఊరు చూడ్డానికి ట్రోమ్సో అని పెట్టుకోండి.

పది రాత్రులు ఉంటే ఇలా సర్దవచ్చు: స్టాక్‌హోమ్ ఒకటి, రైలులో ఒకటి, అబిస్కో నాలుగు, నార్విక్ ఒకటి, ట్రోమ్సో మూడు. ట్రోమ్సో నుంచి విమానంలో ఓస్లో, అక్కడి నుంచి ఇంటికి. స్టాక్‌హోమ్‌లో దిగి ఓస్లోలో ఎక్కేలా ఒకే టికెట్ తీసుకుంటే వెనక్కి రావాల్సిన పని ఉండదు.

చలి గురించి బాగా భయపడేవాళ్లు అబిస్కో తగ్గించి ట్రోమ్సోలో ఎక్కువ రోజులు ఉండొచ్చు. మబ్బు పడితే మినీబస్సులో తెరిపి ఉన్న చోటు వెతుక్కుంటూ ఫిన్లాండ్ సరిహద్దు వైపు తీసుకెళ్లే టూర్లు అక్కడ బోలెడు. కారు అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన మాత్రం మానేయండి. మంచు రోడ్డు మీద ఎప్పుడూ నడపని మనిషి, చీకట్లో, అడ్డం వచ్చే రెయిండీర్ల మధ్య ఒంటరిగా నడపడం అనవసరమైన సాహసం.

3. వీసా, ఇన్సూరెన్స్

స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ మూడూ షెంగెన్‌లోవే, కాబట్టి ఒకే వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. పైన చెప్పిన పట్టికలో స్వీడన్‌వి ఆరు, నార్వేవి నాలుగు. అంటే స్వీడన్. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీలు వేరు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

ఒంటరి ప్రయాణికుల ఫైల్లో అధికారి చూసేది ఒక్కటే: ఈ మనిషి తిరిగొస్తాడా? ఉద్యోగమైతే సెలవు మంజూరు లేఖ, చదువైతే కాలేజీ లేఖ, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, రోజువారీ పట్టిక పెట్టండి. దరఖాస్తుకు వారం ముందు అకౌంట్లో ఎవరి చేతనో లక్షలు వేయించుకోవద్దు, అది అనుమానమే పెంచుతుంది.

పరీక్ష: పట్టికలోని ప్రతి రాత్రికీ ఒక బుకింగ్ కాగితం ఉందా? తేదీలు టికెట్లతో, ఇన్సూరెన్స్‌తో సరిపోతున్నాయా? ఒక్క రాత్రి ఖాళీ ఉన్నా అడుగుతారు.

రెండు హెచ్చరికలు. స్వాల్‌బార్డ్ కూడా చూద్దామనుకుంటే, అది నార్వేదే అయినా షెంగెన్ బయట ఉంది. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే వెనక్కి మెయిన్‌ల్యాండ్‌లోకి రాలేరు. ఇక ఇన్సూరెన్స్‌లో స్నోమొబైల్, స్కీయింగ్ లాంటివి మినహాయింపుల జాబితాలో ఉండొచ్చు. ఆ పేజీ చదివాకే డబ్బు కట్టండి.

4. రైలు, బస

స్టాక్‌హోమ్ నుంచి నార్విక్ వెళ్లే రాత్రి రైలులో అబిస్కోకు దాదాపు 18 గంటలు. కూర్చునే సీటు, ఆరు బెర్తుల కూపే, ఇద్దరు ముగ్గురికి సరిపడే స్లీపర్ దొరుకుతాయి. ఆడవాళ్లు బుక్ చేసేటప్పుడు ఆడవాళ్లకు మాత్రమే ఉన్న కూపే ఎంచుకోవచ్చు. కూర్చునే సీటు చవక, కానీ దిగిన రోజు రాత్రే బయట నిలబడాలి కాబట్టి బెర్తు మీద ఖర్చుపెట్టండి.

ఈ మార్గం కిరునా ఇనుప ఖనిజాన్ని నార్విక్ రేవుకు మోయడానికి వేసింది. ఇప్పటికీ గూడ్సు రైళ్లదే రాజ్యం. 2023 డిసెంబర్‌లో ఒకసారి, 2024 ఫిబ్రవరిలో ఇంకోసారి ఖనిజం రైలు పట్టాలు తప్పి ఈ దారి వారాల తరబడి మూతపడింది. మంచు తుపాను వచ్చినా రైళ్లు ఆగుతాయి. ప్రత్యామ్నాయం ముందే రాసిపెట్టుకోండి: స్టాక్‌హోమ్ నుంచి కిరునాకు గంటన్నర విమానం, అక్కడి నుంచి అబిస్కోకు వంద కిలోమీటర్ల లోపు రోడ్డు.

అబిస్కోలో రెండు స్టేషన్లు ఉన్నాయి. అబిస్కో ఓస్ట్రా అంటే ఊరు: హాస్టళ్లు, కిరాణా కొట్టు అక్కడ. అబిస్కో టూరిస్ట్‌స్టేషన్ అంటే స్వీడిష్ టూరిస్ట్ సంఘం వాళ్ల పెద్ద బస, నేషనల్ పార్కు గుమ్మంలోనే. మీ బస ఏ స్టేషన్ దగ్గరో చూసుకుని టికెట్ కొనండి. పెట్టె ఈడ్చుకుంటూ మంచులో ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి నడవడం ఎవరికీ ఇష్టముండదు.

కిరునాలో ఉండాలనుకునేవాళ్లకు ఒక మాట. భూగర్భ గని వల్ల నేల కుంగుతుండటంతో ఆ ఊరి కేంద్రాన్నే తూర్పుకు మార్చేశారు. 1912 నాటి చెక్క చర్చిని కూడా 2025 ఆగస్టులో చక్రాల మీద ఐదు కిలోమీటర్లు తరలించారు. పాత ప్రయాణ కథనాలు చూసి "సెంటర్‌కు దగ్గర" అని గది తీసుకోకండి. తాజా మ్యాప్‌లో చూడండి. రైల్వే స్టేషన్ కూడా ఊరికి దూరమే.

హాస్టళ్లలో దుప్పటి, దిండు గలేబులకు విడిగా డబ్బు తీసుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు గది ఊడ్చి వెళ్లాలి కూడా. ఇంటి నుంచి ఒక పల్చటి దుప్పటి, గలేబు పట్టుకెళ్లండి. వంటగది ఉన్న బస తప్పనిసరి, ఎందుకో ఆరో దశలో చెప్తాను.

5. బట్టలు: ఇక్కడ తొందరపడొద్దు

ఇంట్లో డీప్ ఫ్రిజ్‌లో ఉండే చలి −18. అబిస్కో, కిరునాల్లో రాత్రి అంతకంటే దిగజారడం మామూలు విషయం, −30 కూడా వస్తుంది. లంబసింగిలో తెల్లవారుజామున ఓర్చుకున్న అనుభవం దీనికి పనికిరాదు.

ఒకే లావుపాటి జాకెట్ కొంటే సరిపోతుందనుకోవడం తప్పు. మూడు పొరలు కావాలి, ఒక్కోదాని పని వేరు.

ఒంటికి ఆనుకునే పొర చెమటను లాగేయాలి. మెరీనో ఉన్ని అన్నింటికంటే మంచిది, రెండు మూడు రోజులు వేసినా వాసన రాదు. డబ్బు చూసుకోవాలంటే సింథటిక్ థర్మల్స్ చాలు. నూలు మాత్రం ఒద్దు. బనియన్, లోదుస్తులు, సాక్సులు, జీన్సు, ఏదైనా సరే. నూలు చెమటను పట్టి ఉంచుతుంది, మీరు ఆగి నిలబడగానే ఆ తడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది. మనవాళ్లు లోపల పొర ఖరీదైనది కొని, దానికింద మామూలు నూలు బనియన్ వేసుకుంటారు. కొన్న డబ్బంతా వృథా.

రెండో పొర వేడిని పట్టి ఉంచేది: ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్. మూడోది గాలిని ఆపేది: జాకెట్, ప్యాంటు. కదలకుండా గంటలు నిలబడే అరోరా రాత్రికి, ఈ మూడింటి మీద ఒక డౌన్ జాకెట్ (పక్షి ఈకలు నింపినది) కూడా కావాలి.

బూట్ల సంగతి ఇంకా ముఖ్యం. వేళ్లు కదిలే ఖాళీ ఉంటేనే లోపల గాలి వెచ్చగా నిలుస్తుంది. కాళ్లు చల్లబడుతున్నాయని మూడు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. మందపాటి ఉన్ని సాక్సు ఒకటి, కావాలంటే లోపల పల్చటిది ఒకటి, అంతకు మించొద్దు. పెళ్లయిన ఆడవాళ్లు మెట్టెలు, అందరూ ఉంగరాలు, పెద్ద కమ్మలు తీసి పెట్టెలో పెట్టండి. లోహం చర్మాన్ని త్వరగా చల్లబరుస్తుంది, వేలు వాస్తే ఉంగరం బిగుసుకుపోతుంది. మెట్టె బూటులో వేలిని నొక్కేస్తుంది. సెంటిమెంటు ఉన్నవాళ్లు దాన్ని దారానికి కట్టి మెడలో వేసుకున్నా సరే, కాలికి మాత్రం వద్దు.

మన మంకీ క్యాప్‌ను ఎవరూ చిన్నచూపు చూడక్కర్లేదు. చెవులు, బుగ్గలు, గడ్డం అన్నీ కప్పే ఉన్ని మంకీ క్యాప్ అక్కడ అచ్చంగా పనికొచ్చే వస్తువు.

అన్నీ కొనాల్సిన పని లేదు. పై జాకెట్, ప్యాంటు, బూట్లు అబిస్కోలో, ట్రోమ్సోలో అద్దెకు ఇస్తారు. చాలా టూర్ల ధరలోనే ఒంటి నిండా కప్పే సూటు కలిపి ఉంటుంది. లోపలి రెండు పొరలు, తొడుగులు, టోపీ మాత్రం మీవే కొనుక్కోండి. డెకాథ్లాన్ ఉన్న ఊళ్లో ఒక మధ్యాహ్నంలో పని అయిపోతుంది.

పరీక్ష: బయల్దేరే ముందు ఇంట్లో అన్నీ వేసుకోండి. పల్చటి తొడుగులతో జిప్పు పైకి కిందికి లాగండి, ఫోన్‌లో అత్యవసర నంబరు 112 నొక్కే దాకా వచ్చి ఆపండి, ట్రైపాడ్ విప్పండి, హెడ్‌ల్యాంప్ ఎర్ర లైటు వెలిగించండి. ఆ తర్వాత కళ్లు మూసుకుని ఇంకోసారి. ఏ పనికైనా తొడుగు తీయాల్సి వచ్చిందంటే, అక్కడ చీకట్లో −25లో కూడా తీయాల్సి వస్తుంది. జిప్పుకు చిన్న తాడు ముక్క కట్టండి, తొడుగు మార్చండి, ఏదో ఒకటి సరిచేసుకోండి. ఫ్యాను కింద చెమటలు కారతాయి, అయినా చేయండి.

6. తిండి, డబ్బు

రెస్టారెంట్‌లో ఒక పూట భోజనం స్వీడన్‌లో 200 నుంచి 300 క్రోనార్ల దాకా అవుతుంది, నార్వేలో ఇంకా ఎక్కువ. శాకాహారులకు ఎంపిక కూడా తక్కువ. అందుకే వంటగది ఉన్న బస. బియ్యం, పప్పు, పాస్తా, గుడ్లు, పెరుగు సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. అబిస్కో కొట్టు చిన్నది కాబట్టి స్టాక్‌హోమ్‌లోనో కిరునాలోనో కొని పట్టుకెళ్లండి. నార్వేలో పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం మూసేస్తారు, శనివారమే తెచ్చుకోండి.

ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, పులిహోర పేస్టు తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పనీర్, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. పచ్చి కరివేపాకు కూడా అంతే. అమ్మ ప్రేమగా పొడిలో కలిపి ఇచ్చే నెయ్యి సంగతి ముందే చెప్పండి.

కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. నోట్లు దాదాపు అక్కర్లేదు, బస్సు నుంచి కాఫీ దాకా కార్డే. రూపే కార్డు ఒక్కటే నమ్ముకుని వెళ్లొద్దు. స్టాక్‌హోమ్‌లో సిమ్ కొంటే నార్వేలోనూ రోమింగ్ చార్జీ లేకుండా పనిచేస్తుంది. ఫిన్లాండ్ వైపు దాటితే గడియారం ఒక గంట ముందుకు వెళ్తుంది, బస్సులు తప్పేది అక్కడే.

7. చేరిన రోజు: రిహార్సల్

అబిస్కోలో దిగగానే అరోరా వెంట పరుగెత్తకండి. వెలుగు ఉండగానే ఇవి చేయండి:

- రాత్రి ఎక్కడ నిలబడతారో అక్కడికి నడిచి చూడండి. తలుపు దగ్గర్నుంచి ఎన్ని నిమిషాలో గుర్తుపెట్టుకోండి. పది నిమిషాలకు మించితే ఇంకా దగ్గర చోటు వెతకండి.
- ముళ్ల పట్టీలు తగిలించుకుని కాస్త నడవండి. తొక్కి గట్టిపడిన మంచు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.
- రిసెప్షన్‌లో మీ పేరు, ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పటికి వస్తారు చెప్పండి. వాళ్లకు ఇది అలవాటే. ఇంట్లోవాళ్లకు కూడా అదే మెసేజ్ పెట్టి, "ఫలానా టైముకి మెసేజ్ రాకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని హాస్టల్ నంబరు ఇవ్వండి. వాళ్లకు మనకూ నాలుగున్నర గంటల తేడా, మీరు పడుకునేసరికి ఇంట్లో తెల్లవారుతుంది. టైము ఎవరి లెక్కలో చెప్తున్నారో స్పష్టంగా రాయండి.
- 112 మూడు దేశాల్లోనూ పనిచేస్తుంది. నార్వేలో అంబులెన్సుకు నేరుగా 113.

ఇక వాతావరణ సూచన. నార్వే వాతావరణ సంస్థ నడిపే వైఆర్ యాప్ బాగుంటుంది. దాంట్లో గాలి వేగం సెకనుకు మీటర్లలో ఉంటుంది. మనవాళ్లు "పదే కదా" అనుకుంటారు. సెకనుకు పది మీటర్లంటే గంటకు 36 కిలోమీటర్లు. −20 డిగ్రీల్లో ఆ గాలి వీస్తే ఒంటికి −33 ఉన్నట్టే తగులుతుంది. ఉష్ణోగ్రత అంకె కంటే ముందు గాలి అంకె చూడండి. గాలి పది దాటితే ఆ రాత్రి గోడ చాటునే నిలబడండి, సరస్సు మీదికి వెళ్లొద్దు.

8. అరోరా రాత్రి

సిద్ధాంతం రెండు ముక్కల్లో: సూర్యుడి నుంచి వచ్చే కణాలు భూమి అయస్కాంత క్షేత్రం దారి చూపితే ధ్రువాల దగ్గర గాలిలోకి దిగి, వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ను వెలిగిస్తాయి. ఆకుపచ్చ అదే.

భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతో చెప్పే కేపీ సూచిక సున్నా నుంచి తొమ్మిది వరకు ఉంటుంది. యాప్‌లో ఒకటో రెండో చూపిస్తే నిరాశపడి పడుకునేవాళ్లు ఎందరో. ఆ అంకె ఇంకా దక్షిణాన ఉన్న దేశాలవాళ్లకు ముఖ్యం. అబిస్కో, ట్రోమ్సో అరోరా వలయం (ధ్రువం చుట్టూ అరోరా ఎక్కువగా వచ్చే పట్టీ) కిందే ఉంటాయి, కేపీ ఒకటి ఉన్నా చక్కగా కనిపించవచ్చు. మీరు చూడాల్సింది మబ్బు మ్యాపు.

రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య అవకాశం ఎక్కువ. నాలుగు గంటలూ బయటే నిలబడక్కర్లేదు. ఇలా చేయండి:

తొమ్మిదికి పొరలన్నీ వేసుకుని బయటికి రండి. లోపల వేసుకుని కూర్చుంటే చెమట పడుతుంది, పైజాకెట్ తలుపు దగ్గరే వేసుకోండి. దీపాలకు వీపు పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడేందుకు పదిహేను నిమిషాలు ఇవ్వండి. ఫోన్ స్క్రీను చూశారా, మళ్లీ మొదటికొస్తుంది. ఉత్తరం వైపు మొదలుపెట్టి తల పైదాకా చూడండి. ఏమీ లేకపోతే లోపలికి వెళ్లి వేడిగా ఏదైనా తాగి, అరగంటకోసారి తలుపు తీసి చూడండి.

పరీక్ష: మొదట్లో అరోరా ఆకుపచ్చగా కనిపించదు. కొండ మీద బూడిదరంగు పల్చటి పట్టీ, మబ్బు అనుకుని వదిలేసేలా ఉంటుంది. అనుమానం వస్తే ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి నైట్ మోడ్‌లో ఐదు సెకన్ల ఫోటో తీయండి. ఫోటోలో ఆకుపచ్చ వస్తే అరోరాయే, కదలకండి. ఇంకో గుర్తు: ఆ పట్టీలోంచి నక్షత్రాలు కనిపిస్తాయి, మబ్బైతే కనిపించవు. బలపడినప్పుడు అనుమానమే ఉండదు. పట్టీ అంచు కింద గులాబీ రంగు పరుగెడుతుంది, తల మీదికి వచ్చి తెరలా విచ్చుకుంటుంది. ఆ కాసేపు కెమెరా వదిలేసి చూడండి. ఒక్కోసారి ఐదు నిమిషాల్లోనే అయిపోతుంది.

కెమెరా ఉన్నవాళ్లకు: మాన్యువల్ ఫోకస్ ఒక నక్షత్రం మీద, లెన్సు పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ 1600 నుంచి 3200, ఐదు నుంచి పదిహేను సెకన్లు. అరోరా వేగంగా కదిలితే సెకన్లు తగ్గించండి, లేకపోతే అంతా ఆకుపచ్చ ముద్దలా వస్తుంది. మొదటి ఫోటో తీశాక జూమ్ చేసి నక్షత్రాలు చుక్కల్లా ఉన్నాయా చూడండి. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. ఫోన్ కూడా అక్కడే. 40 శాతం చూపిస్తున్న ఫోన్ చలికి ఉన్నట్టుండి ఆగిపోతుంది. లోపలికి వచ్చే ముందు కెమెరాను జిప్ సంచిలో పెట్టి మూసేయండి, గది వేడికి వచ్చేదాకా తీయొద్దు. లేకపోతే లెన్సు లోపల తేమ పడుతుంది.

9. చలి దెబ్బ ముందే పట్టుకోవడం

ఇది కంఠతా రావాలి. ఇరవై నిమిషాలకోసారి ఫోన్‌లో వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. మోగినప్పుడల్లా మూడు పనులు: కాలి వేళ్లు, చేతి వేళ్లు కదిపి స్పర్శ తెలుస్తోందా చూడండి. మొహం మొత్తం ముడిచి వదలండి, ఏ భాగమైనా బిగుసుకుపోయినట్టుందా? చేతి బొటనవేలిని చిటికెన వేలికి తాకించండి.

నొప్పి పుడుతున్నంతసేపు ఫర్వాలేదు, లోపలికి వెళ్లే టైం అయిందని అర్థం. నొప్పి తగ్గి మొద్దుబారితే, చర్మం తెల్లగా మైనంలా కనిపిస్తే అది ఫ్రాస్ట్‌బైట్ మొదలు. వెంటనే లోపలికి. మంచుతోనో చేత్తోనో రుద్దకండి, హీటరు మీద పెట్టకండి, తెలియకుండానే కాలుతుంది. చేతులైతే చంకల్లో పెట్టుకోండి లేదా గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. బొబ్బలు వచ్చినా, స్పర్శ తిరిగి రాకపోయినా వైద్యుణ్ణి కలవాలి.

వణుకు ఆగకుండా వస్తుంటే, మాట తడబడుతుంటే, జిప్పు వేసుకోవడం కూడా చేతకాకపోతే ఒళ్లంతా చల్లబడుతోందన్నమాట. ఆ దశలో మనిషికి తన పరిస్థితి తనకు తెలియదు. అందుకే బొటనవేలి పరీక్ష ఒక్కసారి తప్పినా "ఇంకో ఫోటో" అనుకోకండి. మద్యం తాగి బయట నిలబడటం అసలు వద్దు. వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంట్లో వేడి బయటికి పోతుంది.

10. పగళ్లు

కుక్కల బండి, స్నో షూ నడక, సామీల (ఆ ప్రాంతపు ఆదివాసుల) రెయిండీర్ శిబిరం, కిరునాకు దగ్గర్లోని యుకాస్‌యార్వి ఐస్‌హోటల్. ఒంటరిగా వెళ్లినవాళ్లకు ఇలాంటి గ్రూపు కార్యక్రమం రోజు విడిచి రోజు ఉండటం మంచిది. మనుషులతో మాట్లాడినట్టూ ఉంటుంది, ఎవరో ఒకరు మిమ్మల్ని చూస్తున్నట్టూ ఉంటుంది. కార్యక్రమం బుక్ చేసేటప్పుడు ఒక్క మనిషికి కూడా నడుపుతారా అని అడగండి, కొన్నింటికి కనీసం ఇద్దరు ఉండాలి. ఫిబ్రవరి మొదట్లో వెళ్తే యోక్‌మోక్‌లో సామీల శీతాకాలపు సంత చూడొచ్చు, 1605 నుంచి సాగుతోంది. రెయిండీర్లు ఎక్కడ కనిపించినా వాటికి యజమానులున్నారు. వెంటపడి తరమకండి, వాటికి చలికాలంలో ఒక్కో పరుగు ఎంతో ఖర్చు.

ఒంటరిగా చేయకూడనివి: కుంగ్స్‌లేడెన్ కాలిబాట అబిస్కో నుంచే మొదలవుతుంది, చలికాలంలో దాని మీద కొద్ది దూరం దాటి వెళ్లొద్దు. గుర్తులు పెట్టిన దారి తప్ప గడ్డకట్టిన సరస్సు మీద ఎక్కడా అడుగుపెట్టొద్దు, వాగులు కలిసే చోట మంచు పల్చగా ఉంటుంది. కొండ వాలుల కింద నడిచే ముందు అవలాంచ్ (మంచు చరియలు జారిపడే) హెచ్చరిక చూడండి. నార్వేలో దానికి వర్సోమ్ అనే ప్రభుత్వ సైటు ఉంది. రోడ్డు పక్కన నడిచేటప్పుడు రిఫ్లెక్టర్ మోకాలి ఎత్తులో కట్టుకోండి, కార్ల లైట్లు పడేది అక్కడే.

11. తిరుగు ప్రయాణం

నార్విక్ నుంచి ట్రోమ్సో బస్సు నాలుగు గంటలకు పైనే. తుపాను వస్తే కనుమ దారులు మూసేస్తారు, కొన్నిచోట్ల మంచు తీసే బండి వెనకే వరసగా వదులుతారు. అందుకని బస్సు దిగిన రోజే విమానం పెట్టుకోవద్దు. అలాగే ట్రోమ్సో నుంచి ఓస్లో విమానానికీ, ఓస్లో నుంచి ఇంటికి వచ్చే విమానానికీ వేర్వేరు టికెట్లు కొని ఉంటే, మధ్యలో ఒక రాత్రి ఓస్లోలో ఉండండి. ఆ రాత్రి అదనమే గానీ, మిస్సయిన అంతర్జాతీయ టికెట్ ఖర్చు ముందు అదెంత. రెండూ ఒకే బుకింగ్‌లో ఉంటే మాత్రం ఈ రాత్రి అక్కర్లేదు, ఆలస్యమైనా ఇంకో విమానం ఎక్కించే బాధ్యత వాళ్లదే. ట్రోమ్సోలో ఇంకో రోజు మిగుల్చుకోవచ్చు.